పళ్ళ డాక్టరు పై చదువు: పెట్టుబడి ఎంత, రాబడి ఎంత?

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఈ మధ్య ఒకనాటి మధ్యాహ్నం అన్నాలు తిని వంటిల్లు సర్దుకుంటూ ఉండగా గుంటూరు నుంచి మా వదిన ఫోన్ చేసింది. "అమ్మాయికి మేనేజ్‌మెంటు కోటాలో ఆర్థో సీటు ఇస్తామంటున్నారు. మీ అన్నయ్య స్థలం అమ్మేద్దామంటున్నారు. నువ్వేమంటావు?" అని అడిగింది. నేను పదో తరగతి ప్యాసైన మనిషిని. డాక్టరు చదువుల గురించి నన్నడగడమేమిటని ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే తెలిసింది, ఆవిడ అడిగింది చదువు సంగతి కాదు, లెక్క సంగతి. ఇరవై రెండేళ్ళుగా మా ఇంట్లో పాల లెక్క, చీటీల లెక్క, ఇల్లు కట్టుకున్న అప్పు లెక్క రాసేది నేనే. "రెండ్రోజులు ఆగు వదినా, అమ్మాయిని మా ఇంటికి పంపు" అన్నాను.

ఇలాంటి ఫోన్లు చాలా ఇళ్ళలో మోగుతున్నాయని నాకు తెలుసు. మన ఇళ్ళలో పళ్ళ డాక్టరు చదివే ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. బి.డి.ఎస్. నాలుగేళ్ళు చదివి, ఒక ఏడాది హౌస్ సర్జన్ చేసి ఇంటికొచ్చాక, "ఉత్త బి.డి.ఎస్.కి విలువేముంది, పై చదువు చదవాల్సిందే" అని చుట్టాలందరూ మొదలుపెడతారు. ఆ పై చదువే ఎం.డి.ఎస్. మూడేళ్ళు పడుతుంది. దానికి నీట్ ఎం.డి.ఎస్. అని దేశమంతటికీ ఒకటే ప్రవేశపరీక్ష. ర్యాంకు వచ్చింది కదా అని పిల్ల సంతోషపడే లోపలే ఏ శాఖ, ఏ కాలేజీ, ఎంత ఫీజు అనే ప్రశ్నలు వచ్చి మీద పడతాయి. కౌన్సెలింగులో ఆలోచించుకోవడానికి ఇచ్చే వ్యవధి పెళ్ళిచూపుల తర్వాత అబ్బాయి తరఫువాళ్ళు ఇచ్చే వ్యవధి కంటే తక్కువ. అంచేత ఆ లెక్కేదో ముందుగానే వేసి పెట్టుకోవడం మంచిది. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ముందు శాఖల సంగతి. ఎం.డి.ఎస్.లో తొమ్మిది శాఖలున్నాయి. వాటి పేర్లు నోరు తిరగవు కానీ పనులన్నీ మనకు తెలిసినవే. ఎత్తుపళ్ళు, వంకరపళ్ళు క్లిప్పులు పెట్టి సరిచేసేది ఆర్థోడాంటిక్స్. పుచ్చిన పంటిని పీకకుండా లోపల శుభ్రం చేసి నిలబెట్టేది, మనమంతా రూట్ కెనాల్ అనేది, కన్సర్వేటివ్ శాఖ. కట్టుడు పళ్ళు, క్యాపులు, దవడ ఎముకలో మర బిగించి పెట్టే ఇంప్లాంట్లు ప్రాస్థోడాంటిక్స్‌వాళ్ళ పని. చిగుళ్ళ జబ్బులకు పెరియో, పాలపళ్ళవాళ్ళకు పీడో. జ్ఞానదంతం అడ్డంగా మొలిచినా, స్కూటరు మీద నుంచి పడి దవడ విరిగినా ఓరల్ సర్జరీ దగ్గరకు వెళ్ళాలి. ఈ ఆరూ చేతిపనితో సంపాదించే శాఖలు. ఇక మిగిలినవి ఓరల్ పెథాలజీ, ఓరల్ మెడిసిన్ రేడియాలజీ, పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ. ఒకరు ముక్క కోసి పంపితే సూక్ష్మదర్శినిలో చూసి కేన్సరా కాదా చెబుతారు, ఒకరు నోటిలో పుండ్లు, ఎక్స్‌రేలు చూస్తారు, మరొకరు ఊళ్ళకు ఊళ్ళ పళ్ళ ఆరోగ్యం చూస్తారు. ఈ మూడింటికి సొంత ప్రాక్టీసు తక్కువ. ఎక్కువమంది కాలేజీల్లో పాఠాలు చెప్పే ఉద్యోగాల మీద ఆధారపడతారు. దేశంలో 300కు పైగా డెంటల్ కాలేజీలున్నాయి కనుక ఉద్యోగాలు లేకపోలేదు. కానీ ఆ ఉద్యోగాలు కాలేజీ యాజమాన్యం చేతిలో ఉంటాయి, రోగి చేతిలో ఉండవు. ఆ తేడా గుర్తుంచుకోవాలి.

అలాగని పబ్లిక్ హెల్త్ చదివినవాళ్ళను చిన్నచూపు చూడకండి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి 1937లో లోకానికి చెప్పింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. నల్గొండ జిల్లా బాధ సంగతి మీ అందరికీ తెలుసు. గారపట్టిన పళ్ళతో నవ్వడానికి సిగ్గుపడే పిల్లలను చూసినవారికి ఆ శాఖ ఎందుకుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ శాఖ మీద నిజంగా మనసున్న పిల్ల తక్కువ ఫీజుకి అందులో చేరితే అది మంచి బేరమే. వేరేదేదీ రాలేదని అందులో చేరితేనే మూడేళ్ళ తర్వాత ఇంట్లో ఏడుపులు.

ఇక సీట్ల రకాలు. ప్రభుత్వ కాలేజీలు హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ఒకటి, విజయవాడలో ఒకటి, కడపలో ఒకటి ఉన్నాయి. ప్రభుత్వ సీటు వస్తే ఇంక నా ప్రసంగం వినక్కర్లేదు, రేడియో కట్టేసి పిల్లకు పాయసం వండండి. ఫీజు తక్కువ, స్టైపెండు వస్తుంది, రోగులకు కొదవ లేదు. ప్రభుత్వ కాలేజీల సీట్లలో సగం అఖిల భారత కోటాకి పోతాయి కనుక, మన పిల్ల కూడా బయటి రాష్ట్రాల ప్రభుత్వ కాలేజీలకు ఆప్షన్లు పెట్టుకోవచ్చు. "అంత దూరం ఎలా పంపుతాం" అంటూ ఆ కాగితం పక్కన పెట్టేసిన తల్లులను నేనెరుగుదును. మూడేళ్ళు రైలు చార్జీలు ఎంతవుతాయో, ఊళ్ళో మేనేజ్‌మెంటు సీటుకి ఎంతవుతుందో పక్కపక్కన రాసి చూసుకుంటే దూరం కాస్త దగ్గరవుతుంది.

ప్రైవేటు కాలేజీల్లో కన్వీనరు కోటా, మేనేజ్‌మెంటు కోటా, ఎన్నారై కోటా అని ఉంటాయి. ఒకే కాలేజీ, ఒకే తరగతి, ఒకే పట్టా. ఫీజు మాత్రం రెండింతలో మూడింతలో తేడా. ఈ ఫీజులను కాలేజీవాళ్ళు ఇష్టం వచ్చినట్టు పెట్టడానికి లేదు. 2003లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి ఫీజుల పరిశీలనకు కమిటీలు ఏర్పడ్డాయి. ఇక లోపల చేతిలో పెట్టమనే డొనేషను నేరమని మన ఆంధ్రప్రదేశ్‌లో 1983లోనే చట్టం వచ్చింది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మా అన్నయ్యతో మాట్లాడిన మధ్యవర్తి ఒకాయన "ఫీజు ఒకటి, పైన ఇంకొకటి" అన్నాడట. పైన ఇచ్చేదానికి రసీదు ఉండదు, బ్యాంకు అప్పు రాదు, పిల్ల మధ్యలో మానేస్తే తిరిగి రాదు. రసీదు లేని డబ్బు లెక్కలోకి రాదు కదా అని మా అన్నయ్య అనుకున్నాడు. నాకైతే అదే అన్నిటికంటే ముందు రాయవలసిన లెక్క అనిపించింది. ఆ మాట వినగానే ఆ మధ్యవర్తి నంబరు తీసెయ్యమన్నాను.

సరే, అమ్మాయి వచ్చింది. పాల లెక్క పుస్తకంలో వెనకవైపు నుంచి రాయడం మొదలుపెట్టాం. దాని ర్యాంకుకి రెండు దారులు కనబడ్డాయి. మేనేజ్‌మెంటు కోటాలో ఆర్థో. మాతో చెప్పిన ఫీజు గుండ్రంగా ఏడాదికి 10 లక్షలు. కన్వీనరు కోటాలో వేరే కాలేజీలో పీడో, అంటే పిల్లల పళ్ళ శాఖ. అది గుండ్రంగా ఏడాదికి 4 లక్షలు. ఇవి మా పిల్లకి తగిలిన అంకెలు. మీ పిల్లకి వేరేగా ఉంటాయి. ఏటా మారుతుంటాయి కూడాను. లెక్క వేసే పద్ధతి మాత్రం అదే.

మా వదిన ఏం చేసిందంటే, 30 లక్షల్లోంచి 12 లక్షలు తీసేసి "18 లక్షల తేడా, స్థలం అమ్మితే వచ్చేస్తుంది" అంది. అక్కడే మనం పొరపాటు పడేది. 18 లక్షలు కాదు ఆ తేడా. చూడండి.

అప్పు తీసుకున్నామనుకుందాం. వడ్డీ నూటికి 10 అనుకుందాం. విద్యారుణానికి సాధారణంగా చదువు జరిగినన్నాళ్ళు, ఆపైన ఒక ఏడాది వాయిదాలు కట్టక్కర్లేదు. కానీ వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంటుంది. మొదటి ఏడాది తీసుకున్న 10 లక్షల మీద నాలుగేళ్ళ వడ్డీ 4 లక్షలు. రెండో ఏడాది తీసుకున్న 10 లక్షల మీద మూడేళ్ళకు 3 లక్షలు. మూడో ఏడాదిదానికి 2 లక్షలు. అంటే వాయిదాలు మొదలయ్యేనాటికి 30 కాదు, 39 లక్షల అప్పు. దాన్ని పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 51,500 రూపాయలు. పదేళ్ళకు కలిపితే దాదాపు 62 లక్షలు. ఈ అంకె చూడగానే అమ్మాయి పెన్సిలు కింద పెట్టేసింది.

రెండో దారి కూడా అలాగే వేశాం. 12 లక్షల అప్పు నాలుగేళ్ళకు 15 లక్షల 60 వేలవుతుంది. నెలకు సుమారు 20,600 వాయిదా. పదేళ్ళకు కలిపి 25 లక్షల లోపు. కాబట్టి రెండు సీట్లకీ నిజమైన తేడా నెలకు 31 వేల రూపాయలు, పదేళ్ళపాటు. "అయితే ఇప్పుడు ప్రశ్న ఇదే అత్తా" అంది అమ్మాయి, "ఆర్థో చేస్తే పీడో చేసినదానికంటే నెలకు 31 వేలు ఎక్కువ సంపాదించగలనా?" నేను చెప్పేలోపలే అదే అందుకుంది చూశారా! "ఆర్థోడాంటిస్టులు ఎంత సంపాదిస్తారు" అన్నది కాదు అడగవలసిన ప్రశ్న. చేతికి రెండు ముంజేతులూ నిండా గాజులు వేసుకున్న ఒక డాక్టరమ్మను చూపించి "ఆవిడ ఆర్థోనే" అంటే సరిపోదు. ఆ రెండో దారిలో వెళ్ళినా కొంత సంపాదిస్తుంది కదా. దానికంటే ఎంత ఎక్కువ అన్నదే లెక్క. అసలు ఎం.డి.ఎస్. చదవకపోయినా బి.డి.ఎస్.తో ఎంతో కొంత వస్తుంది. మా వీధి చివరి క్లినిక్‌లో మా అమ్మాయికి నెలకు 20 వేలు ఇస్తామన్నారు. మూడేళ్ళు చదువులో కూర్చుంటే 7 లక్షల 20 వేలు పోయినట్టే. అది కూడా పుస్తకంలో రాయించాను. రెండు దారులకూ అది సమానమే కానీ, "చదవాలా వద్దా" అనే ప్రశ్నకి అది అవసరం.

ఇక్కడ మా వదిన ఫోన్‌లో ఒక మాట అంది. "వడ్డీల గోల అంతా అప్పు చేస్తేనే కదా. మేం స్థలం అమ్మి కడతాం, మాకు వడ్డీ ఎక్కడిది?" చాలా ఇళ్ళలో ఇదే మాట వింటాను. మన డబ్బుకి వడ్డీ లేదనుకోవడం, మన ఇంట్లో మనం చేసే వంటకి జీతం లేదనుకోవడంలాంటిది. ఆ స్థలం అమ్మకుండా ఉంచితే పదేళ్ళలో దాని ధర పెరుగుతుంది. అమ్మి ఆ డబ్బు బ్యాంకులో వేసినా వడ్డీ వస్తుంది. కాలేజీకి కడితే ఆ రెండూ రావు. బ్యాంకువాడు అడిగే వడ్డీ కాగితం మీద కనబడుతుంది, స్థలం పోగొట్టుకునే వడ్డీ కనబడదు, అంతే తేడా. పైగా మా అన్నయ్య కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. వాడి చదువుకీ ఆ స్థలమే ఆధారం. వదినా అన్నయ్యల వార్ధక్యానికీ అదే. ఒకే కొబ్బరికాయని మూడు గుళ్ళలో కొడతామంటే ఎలా?

నా సంగతి ఒకటి చెబితే తప్పు లేదనుకుంటాను. నాకు పదో తరగతిలో మంచి మార్కులు వచ్చాయి. ఆ ఏడే మా అన్నయ్య డిగ్రీ ఫీజు కట్టాల్సి వచ్చింది. "అమ్మాయి చదువు తర్వాత చూద్దాం" అన్నారు. ఆ తర్వాత రాలేదు. మా నాన్నగారి మీద నాకు కోపం లేదు, ఉన్నంతలో ఆయన లెక్క ఆయన వేశారు. ఇప్పుడు అదే ఇంట్లో ఆడపిల్ల చదువు కోసం స్థలం అమ్మేద్దామంటున్నారంటే నాకు లోపల సంతోషమే. అందుకే "వద్దు" అనడానికి నోరు రాలేదు. ఈ లెక్క పిల్లను ఆపడానికి వేస్తున్నది కాదని అమ్మాయితో రెండుసార్లు చెప్పాను.

మర్నాడు ఇద్దరం కలిసి తెలిసిన క్లినిక్కులు తిరిగాం. సంపాదన సంగతి ఎవరూ నోరు విప్పి చెప్పరు. కానీ ఎలా వస్తుందో చెబుతారు. ఎం.డి.ఎస్. చేసినవాళ్ళు మొదట్లో ఎక్కువమంది సొంత క్లినిక్ పెట్టరు, కన్సల్టెంట్లుగా తిరుగుతారు. సోమవారం ఒక క్లినిక్, మంగళవారం రెండు. క్లినిక్ యజమాని రోగి దగ్గర డబ్బు తీసుకుని కన్సల్టెంటుకి వాటా ఇస్తాడు. రూట్ కెనాల్ చేసే ఒకమ్మాయిని కలిశాం. సామాను పెట్టె స్కూటరు ముందు పెట్టుకుని ఆరు క్లినిక్కులకు తిరుగుతోంది. ఆమె చెప్పిన మాట ఏమంటే, "మామూలు రూట్ కెనాల్ బి.డి.ఎస్. చదివినవాళ్ళే చేసేసుకుంటారండీ. వాళ్ళకు కుదరని కష్టమైన పన్ను ఉంటేనే నన్ను పిలుస్తారు. అంచేత ఊళ్ళో ఎన్ని క్లినిక్కులున్నాయి, నాలాంటివాళ్ళు అప్పటికే ఎంతమంది ఉన్నారు అన్నదే నా జీతం."

ఆర్థో సంగతి కాస్త వేరు. క్లిప్పుల వైద్యం ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. డబ్బు కూడా విడతలుగా వస్తుంది. రోగుల సంఖ్య పెరిగాక నెలనెలా నిలకడగా ఉంటుంది, కాదనను. కానీ మొదటి ఏడాది చేతిలో ఏమీ ఉండదు. పైగా పిల్ల పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిందనుకోండి, సగంలో ఉన్న రోగులను ఎవరికి అప్పజెప్పాలి? కొత్త ఊళ్ళో మళ్ళీ మొదటి నుంచి మొదలు. కాన్పుకి ఆరు నెలలు ఇంట్లో ఉంటే కన్సల్టెంటు చోటు వేరొకరు ఆక్రమిస్తారు. బ్యాంకు వాయిదా మాత్రం పురిటికి సెలవు పెట్టదు. ఇవి అబ్బాయి విషయంలో ఎవరూ రాయరు. ఆడపిల్ల తల్లి రాసుకోక తప్పదు. అలాగని "ఆడపిల్లకు సర్జరీ ఎందుకు, అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తాలి" అనే పెద్దమనుషుల మాట నేను ఒప్పుకోను. పరుగెత్తగలదో లేదో పిల్ల చెబుతుంది. పెద్దమనుషులు ఎందుకు?

ఇంకొక మాట కూడా న్యాయంగా చెప్పాలి. పదేళ్ళ వాయిదాలు తీరిపోయాక కూడా మా అమ్మాయికి నలభయ్యే. ఆ తర్వాత ఇరవై, ఇరవై అయిదేళ్ళు పని చేస్తుంది. ఆర్థోలో నిజంగా సంపాదన ఎక్కువగా ఉంటే ఆ తర్వాతి ఏళ్ళలో లాభం కనబడవచ్చు. ఆ ఓపిక, ఆ మొదటి పదేళ్ళు ఆదుకునే వెనకబలం ఉన్న ఇల్లయితే చేరడం తప్పు కాదు. అత్తగారిదో తండ్రిదో నడుస్తున్న క్లినిక్ ఉన్న పిల్లకు కూడా లెక్క వేరు. కుర్చీ, ఎక్స్‌రే, రోగులు అన్నీ సిద్ధంగా ఉంటాయి. మా ఇంట్లో పళ్ళ వైద్యం ఎరిగినవాళ్ళెవరూ లేరు. మా తాతగారు వేపపుల్లతోనే కాలక్షేపం చేశారు.

ఫీజు కాక అయ్యే ఖర్చు గురించి సీనియర్ పిల్లలను అడిగితేనే తెలుస్తుంది. హాస్టలు, పుస్తకాలు సరే. సొంతానికి కొనుక్కోవలసిన పరికరాలు, కళ్ళజోడుకి బిగించే భూతద్దాలు, థీసిస్ ఖర్చు, సదస్సులకు ప్రయాణాలు ఉంటాయి. కొన్ని శాఖల్లో రోగికి వాడే సామాను కూడా పిల్లలే కొనుక్కుంటారు. స్టైపెండు ఇస్తారా, ఇస్తే చేతికి ఎంత వస్తుంది, ఇచ్చింది మళ్ళీ వేరే పేరుతో వెనక్కి తీసుకుంటారా అన్నది కాలేజీ ఆఫీసులో అడిగితే ఒక జవాబు, హాస్టల్ మెట్ల మీద అడిగితే ఒక జవాబు. నేను మెట్ల మీద జవాబే పుస్తకంలో రాశాను.

ఇక కాలేజీని ఎలా ఎంచాలి? గోడలు, లిఫ్టులు, అద్దాల భవనాలు చూసి మోసపోకండి. పట్టా అన్ని చోట్లా ఒకటే. "మీరు ఏ కాలేజీలో చదివారు" అని రోగి ఎప్పుడూ అడగడు, నొప్పి తగ్గిందా లేదా చూస్తాడు. చెయ్యి తిరగాలంటే రోగులు కావాలి. అంచేత మేమిద్దరం ఒక్కో కాలేజీకి ఒక్కో రోజు ఉదయం తొమ్మిదిన్నరకు వెళ్ళి ఓ.పి. దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. నేను పంటినొప్పి రోగిలాగా చెంపకి కొంగు పెట్టుకున్నాను. ఎందుకొచ్చారని ఎవరైనా అడిగితే ఇబ్బంది కదా! మొదటి దాంట్లో, అంటే ఆ ఖరీదైన కాలేజీలో, పదకొండింటి దాకా లెక్కపెడితే ఇరవైమంది రోగులు. లోపల సగం కుర్చీల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదు. రెండోది పాత భవనం, పంకా కిర్రుమంటోంది. కానీ బస్సులు దిగి పల్లెటూళ్ళ నుంచి జనం వస్తూనే ఉన్నారు. పిల్లల విభాగం ముందు ఏడుపులతో చెవులు దద్దరిల్లాయి. అక్కడ రెండో ఏడాది చదువుతున్న అమ్మాయిని "నీ చేత్తో నువ్వు ఎన్ని కేసులు చేశావమ్మా?" అని అడిగాం. ఆ పిల్ల వేళ్ళు మడవడం మొదలుపెట్టి, చాలక పుస్తకం తెచ్చి చూపించింది. ఈ ప్రశ్న మీరూ అడగండి.

అనుమతి సంగతి కూడా చూసుకోవాలి. కాలేజీకి గుర్తింపు ఉంది అంటే బి.డి.ఎస్.కి ఉందన్నమాట కావచ్చు. ఎం.డి.ఎస్.లో ఏ శాఖకి ఆ శాఖకి, ఎన్ని సీట్లకు అన్నది విడిగా అనుమతి ఉండాలి. 1948 నాటి దంతవైద్యుల చట్టం ప్రకారం ఏర్పడిన డెంటల్ కౌన్సిలే ఇన్నాళ్ళూ దీన్ని చూసింది. దాని స్థానంలో కమిషను రావాలని 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. చూసేది ఎవరైనా, కాగితం చూడకుండా డబ్బు కట్టకండి. అలాగే ఏ విడత కౌన్సెలింగులో చేరితే సీటు వదులుకోవచ్చు, ఏ విడత తర్వాత వదిలితే జరిమానా పడుతుంది అన్నది యూనివర్సిటీ ప్రకటనలో ఉంటుంది. విసుగనుకోకుండా చదవండి. సీట్లు మిగిలిపోతున్నాయని ఇటీవలి సంవత్సరాల్లో నీట్ ఎం.డి.ఎస్. అర్హత మార్కును తగ్గించిన సందర్భాలు కూడా ఉన్నాయి. "ఇవాళ కట్టకపోతే సీటు పోతుంది" అని తొందరపెట్టేవాళ్ళ మాట వినేటప్పుడు ఇది గుర్తుంటే మంచిది.

బ్యాంకు గురించి రెండు ముక్కలు. 4 లక్షల వరకు విద్యారుణానికి తాకట్టు అడగకూడదని నియమం. మొత్తం 7 లక్షల 50 వేలు దాటితే సాధారణంగా ఇల్లో స్థలమో చూపించమంటారు. కాబట్టి స్థలం అమ్మనక్కర్లేదు, తాకట్టు పెట్టి కూడా చదివించవచ్చు. చదువుకునే రోజుల్లోనే నెలనెలా వడ్డీ కడుతూ పోతే అప్పు పెరగకుండా ఉంటుంది. మా రెండో దారిలో అది మొదటి ఏడాది నెలకు 3,300 చొప్పున, మూడో ఏడాదికి 10 వేలు. మా అన్నయ్య జీతంలో అది సాధ్యమే. మొదటి దారిలో అయితే మూడో ఏడాదికి నెలకు 25 వేలు. అలాగే పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవారికి విద్యారుణం వడ్డీ మీద ఎనిమిదేళ్ళ వరకు మినహాయింపు ఉంది. కొత్త పద్ధతి ఎంచుకున్నవారికి అది లేదు.

అమెరికా మాట ఎత్తకపోతే మా వదిన ఊరుకోదు. వాళ్ళ పక్కింటివాళ్ళ కోడలు అక్కడే పళ్ళ డాక్టరు. మన బి.డి.ఎస్.తో అక్కడ నేరుగా ప్రాక్టీసు పెట్టలేరు. సాధారణంగా అక్కడి డెంటల్ కాలేజీలో మళ్ళీ రెండు మూడేళ్ళు చదివి, పరీక్షలు ప్యాసయి లైసెన్సు తెచ్చుకోవాలి. ఆ ఫీజు ముందు మన ఫీజులు చిల్లరే. అక్కడి స్పెషాలిటీ చదువుల్లో ఒక తమాషా ఉంది. ఆస్పత్రుల్లో చేసే ఓరల్ సర్జరీలాంటివాటికి చాలాచోట్ల జీతం ఇచ్చి చదివిస్తారు. ఆర్థోకి చాలాచోట్ల ఎదురు ఫీజు కట్టాలి. అక్కడి పిల్లలు కూడా ఇలాగే కాగితం మీద లెక్కలు వేసుకుంటారట.

రెండో రోజు రాత్రి అన్నయ్య కూడా ఫోన్‌లోకి వచ్చాడు. లెక్క అంతా చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నలుగురిలో ఆర్థో అంటే ఒక గౌరవం కదమ్మా" అన్నాడు. దానికి నా దగ్గర అంకె లేదు. "అది కూడా రాద్దాం అన్నయ్యా, ఎంతని రాయను?" అన్నాను. ఆయన నవ్వేశాడు. వదిన మాత్రం నవ్వలేదు. అమ్మాయి మనసులో ఆర్థో ఉందేమో, మనం డబ్బు చూసి దాని కోరిక తొక్కేస్తున్నామేమో అని ఆవిడ బాధ. అది కొట్టిపారేయగలిగిన మాట కాదు. అంచేత అమ్మాయినే ఫోన్ తీసుకోమన్నాను. "అమ్మా, నాకు ఆర్థో అంటే ఇష్టమే. కానీ 51 వేల వాయిదా నెత్తిన పెట్టుకుని తిరిగేంత ఇష్టం లేదు. పిల్లల విభాగంలో మాత్రం హౌస్ సర్జన్ చేసినప్పుడు నాకు ఎప్పుడూ విసుగు రాలేదు" అంది.

పీడో సీటులోనే చేరింది. స్థలం అలాగే ఉంది. చుట్టూ రాళ్ళు పాతించి కంచె వేయించామని వదిన చెప్పింది. నాతో కొంచెం ముభావంగానే ఉంటోంది, పండక్కి వెళ్ళినప్పుడు సర్దుకుంటుంది లెండి. మొన్న ఆదివారం అమ్మాయి ఫోన్ చేసి, మొదటి వారంలోనే నాలుగేళ్ళ పిల్లాడు వేలు కొరికాడని, ముందు వేళ్ళు కాపాడుకోవడం నేర్పుతున్నారని చెప్పింది.

సెలవు.